రాళ్ల తీరం నుంచి సముద్రంలో గాలం: నలుగురం వెళ్తున్నాం, ఏం చూసుకోవాలి?

కొత్తగాలం

అందరికీ నమస్కారం. నేనూ, నా ముగ్గురు ఫ్రెండ్సూ ఇన్నాళ్లూ చెరువులు, కాలువల దగ్గరే గాలం వేశాం. ఇసుక తీరం నుంచి వేయడం కూడా కాస్త అలవాటైంది. ఈసారి రాళ్ల మీద నుంచి వేద్దామని చూస్తున్నాం. రాతి కిందే లోతు, అల కొట్టినప్పుడల్లా తెల్లటి నురగ, చూస్తుంటేనే అక్కడ పెద్ద చేప ఉందనిపిస్తోంది.

మా దగ్గర ఏడడుగుల రాడ్లు, 3000 సైజు రీళ్లు, మామూలు నైలాన్ లైను ఉన్నాయి. సరిపోతాయా, కొత్తవి కొనాలా? ఏ ఎర బాగుంటుంది? ఏ టైమ్‌కి వెళ్లాలి? మాలో ఇద్దరికి ఈత రాదు. అది కూడా చెప్పడం మంచిదని చెబుతున్నా.

జిగ్‌జిగ్

వెల్‌కమ్ బ్రో. ఏడడుగుల రాడ్‌తో రాళ్ల మీద ఇబ్బందే. చేప కిందికి లాగిందంటే లైను రాతి అంచుకు రాసుకుని టప్పున తెగుతుంది. పదడుగుల రాడ్ అయితే లైనును అంచుకు దూరంగా పట్టుకోవచ్చు. 5000 సైజు రీలు, 30 పౌండ్ల బలం ఉన్న బ్రెయిడ్ (సన్న పోగులతో అల్లిన లైను), చివర లీడర్‌గా, అంటే గాలానికి ముందు కట్టే గట్టి ముక్కగా, ఒకటిన్నర మీటరు 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైను. బ్రెయిడ్ సన్నగా ఉండి దూరం పోతుంది కానీ రాతికి తగిలితే నైలాన్ కంటే ముందే తెగుతుంది, అందుకని లీడర్ తప్పనిసరి. దాని చివర 40 గ్రాముల మెటల్ జిగ్, అంటే చిన్న చేపలా మెరిసే లోహపు నకిలీ ఎర. ఇంకేం అక్కర్లేదు. ఎర కొనే పని లేదు, చేతులకు కంపు లేదు. తెల్లవారుజామున విసురు, లాగు, విసురు, లాగు. పార చేప గానీ బారాకుడా గానీ తగిలిందంటే ఆ కిక్కే వేరు.

బెండుమాస్టారు

జిగ్ తమ్ముడు చెప్పింది తప్పు కాదు గానీ, కొత్తవాళ్లకు అది చెప్పడం నాకు నచ్చలేదు. రాళ్ల దగ్గర విసిరిన ప్రతి జిగ్గూ తిరిగి రాదు. సగం రోజు గడిచేసరికి డబ్బా ఖాళీ అవుతుంది. పైగా విసరడం, లాగడం ఆపకుండా సాగుతుంటే కాళ్ల కింద ఏముందో, ముందు ఏ అల వస్తోందో చూసుకోవడం మానేస్తారు.

బాబూ కొత్తగాలం, మీరు జారే బెండుతో మొదలుపెట్టండి. మెయిన్ లైను మీద చిన్న దారంతో ఆపుడు ముడి వేసి, దాని కింద పూస, తర్వాత బెండు, తర్వాత సీసం గుండు, స్వివెల్ (లైను మెలిపడకుండా తిరిగే చిన్న కొక్కి), లీడర్, గాలం. ఆపుడు ముడి రాడ్ రింగుల్లోంచి జారి రీలులోకి వెళ్లిపోతుంది కాబట్టి ఎంత లోతు పెట్టుకున్నా విసరడం కుదురుతుంది. ముడిని పైకీ కిందికీ జరిపితే లోతు మారుతుంది. ముందు రెండు మీటర్లు, తాకకపోతే మూడు, తర్వాత నాలుగు. ఎర అడుగుకు తగలదు, కాబట్టి ఇరుక్కోవడం చాలా తక్కువ. రొయ్య ముక్క, చిన్న పీత, కవ్వళ్ల చేప ముక్క ఏదైనా పనిచేస్తుంది. జపాన్‌లో రాతి దిబ్బల మీద గాలం వేసేవాళ్లు ఎక్కువగా ఇలా బెండుతోనే వేస్తారు, అడుగున మేకులున్న బూట్లు వేసుకుని మరీ.

పోటుపాటు

రాడ్డు, బెండు సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు సముద్రం సంగతి.

ఇసుక తీరంలో అల దూరంలోనే విరిగి, బలం పోగొట్టుకుని పాకుతూ వస్తుంది. మోకాళ్లు తడుస్తాయి, రెండడుగులు వెనక్కి వేస్తాం, అంతే. రాతి మొదట్లోనే లోతు ఉన్నచోట అల విరగడానికి జాగా ఉండదు. దాని బలమంతా తెచ్చి రాతి మీదే దింపుతుంది. అందుకే ఫోర్‌కాస్ట్‌లో "అల ఎత్తు 1 మీటరు" అని చూసి మురిసిపోకండి. ఆ అంకె అన్నింటికన్నా పెద్ద అలను చెప్పదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతును తీసుకుని వాటికి సగటు కడతారు. కొన్ని గంటలు అక్కడే ఉంటే దాదాపు దానికి రెట్టింపు అల ఒకటి రావడం మామూలే. జనం దాన్ని "ఉన్నట్టుండి వచ్చిన రాక్షస అల" అంటారు. నా దృష్టిలో అది లెక్క ప్రకారం వచ్చిన అలే.

ఎత్తు పక్కనే పీరియడ్ అని, అంటే ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సమయం, సెకన్లలో ఇంకో అంకె ఇస్తారు. నేను ముందు చూసేది అదే. 6, 7 సెకన్లంటే దగ్గర్లోని గాలికి లేచిన గజిబిజి అలలు. 13, 14 సెకన్లంటే ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫాను లేపిన స్వెల్. లోతు నీళ్లలో అల పొడవు కావాలంటే పీరియడ్‌ను దానితోనే గుణించి, మళ్లీ 1.56తో గుణించాలి. 7 సెకన్లకు సుమారు 76 మీటర్లు వస్తుంది, 14 సెకన్లకు 306 మీటర్లు. ఎత్తు రెండింటికీ ఒక్క మీటరే అయినా, రెండోదాని వెనక వచ్చే నీళ్లు ఎంతో ఎక్కువ. ఇంకో ప్రమాదం ఏంటంటే, అలాంటి రోజున మన దగ్గర గాలి ఉండకపోవచ్చు, ఎండ కాస్తుంటుంది, నీళ్లు నున్నగా కనిపిస్తాయి. చాలాసేపు ఏమీ రాదు. తర్వాత వరసగా నాలుగైదు పెద్దవి వచ్చేస్తాయి.

కాబట్టి వెళ్లగానే సంచి విప్పకండి. పైన పొడిగా ఉన్నచోట కూర్చుని కనీసం అరగంట ఊరికే చూడండి. ఆ అరగంటలో మీరు నిలబడదామనుకున్న చోటుకు ఒక్క అల నీళ్లు వచ్చినా, ఆ చోటు మీది కాదు.

కొత్తగాలం

అరగంటా! మా వాళ్లు ఐదు నిమిషాలు కూడా ఆగరు సార్. అయినా కూర్చోబెడతాను. అలలు చూడటం కాకుండా, ఆ రాయి మంచిదా కాదా అని రాయిని చూసి చెప్పే గుర్తులేమైనా ఉన్నాయా?

రాతిగట్టు

ఉన్నాయి. రాతి గోడను కింది నుంచి పైకి చూడు. అన్నిటికన్నా కింద గుల్లలు, ఆల్చిప్పలు అతుక్కుని ఉంటాయి. అది రోజూ మునిగే భాగం. దాని పైన పచ్చగానో నల్లగానో జారుడు పట్టీ ఉంటుంది. ఆ నలుపు చూసి చాలామంది రాతి రంగే అంత అనుకుంటారు. అది పాకుడు, తడి తగిలిందంటే కాలు నిలవదు. అది ఉన్నంతమేరా నీళ్లు తరచూ వస్తున్నట్టే లెక్క. దానికి బాగా పైన, గరుకుగా, పొడిగా ఉన్న రాయి మీదే నిలబడాలి.

ఇంకో గుర్తు నాకు బాగా పనికొస్తుంది. రాతి మీద చిన్న చిన్న గుంటల్లో నీళ్లుంటాయి కదా, వేలు పెట్టి చూడు. నీళ్లు వెచ్చగా ఉండి, గుంట అంచు చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటే కొన్నాళ్లుగా అక్కడికి అల రాలేదు. నీళ్లు చల్లగా ఉండి, అందులో చేపపిల్లలు, చిన్న పీతలు తిరుగుతుంటే అల వచ్చి నింపి వెళ్తోంది. అంచులో ఉప్పు లేకపోతే నమ్మకు, అంతే.

తర్వాత వెనక్కి తిరిగి చూడు. ముందు వైపు అందరూ చూస్తారు, వెనక ఎవరూ చూడరు. నువ్వు నిలబడే రాయికీ ఒడ్డుకూ మధ్య పల్లం ఉంటే నీళ్లు తగ్గిన పాటులో నడిచి వెళ్లిపోతావు, పోటు ఎక్కాక అదే కాలువ అవుతుంది. ముందు రాయి పొడిగానే ఉంటుంది, తిరిగొచ్చే దారి మాత్రం ఉండదు.

ఈతగాడు

అబ్బా, ఇంత భయపెడితే ఇంకెవరైనా వెళ్తారా? నేను చిన్నప్పటి నుంచీ సముద్రంలో ఈదుతున్నా. పడితే ఈదుకుంటూ వస్తాం, సింపుల్. ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి లైఫ్ జాకెట్ అంటారు చూడండి. అది వేసుకుంటే ఉక్కపోత, రాడ్ విసరడానికి చేతులు ఆడవు.

నీలికెరటం

అన్నా, ఆ ఒకరు నేనే అనుకోండి. రాతి పక్కన పడటానికీ, నడి సముద్రంలో ఈదడానికీ సంబంధం లేదు. అక్కడ నీళ్లలో సగం నురగ, అంటే గాలి బుడగలు. మనిషిని మామూలు నీరు తేల్చినంతగా అది తేల్చదు. ప్రతి అలా ఎత్తి రాతికేసి కొడుతుంది, వెనక్కి లాగుతుంది. చేతితో పట్టుకుందామంటే గుల్లల అంచులు బ్లేడుల్లా కోస్తాయి. బాగా ఈదేవాళ్లు కూడా తలకు దెబ్బ తగిలితే ఏం ఈదుతారు?

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2016లో దీనికోసం చట్టమే చేసింది. ప్రకటించిన ప్రాంతాల్లో రాళ్ల మీద గాలం వేసేవాళ్లు లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. అక్కడ కొన్ని రాతి చోట్ల విసరడానికి లైఫ్‌బోయ్‌లు (నీళ్లలో తేలే రింగులు) కూడా స్తంభాలకు తగిలించి ఉంచుతారు. అవసరం లేకుండానే ఇవన్నీ చేశారంటారా?

ఉక్కపోత అన్నారు కాబట్టి ఒక మాట. గాలి నింపుకునే సన్న జాకెట్లు చల్లగానే ఉంటాయి, కానీ రాళ్ల మీదకు ఫోమ్ జాకెట్టే మేలు. గాలిది గుల్లలకు గీసుకుని చిల్లు పడొచ్చు. ఫోమ్ అయితే రాతికి కొట్టుకున్నప్పుడు ఒంటికి దెబ్బ కూడా కొంత తగ్గిస్తుంది. చేతుల దగ్గర వెడల్పుగా కోసిన మోడల్ తీసుకుంటే విసరడానికి అడ్డం రాదు. ఛాతీ దాకా వచ్చే రబ్బరు వేడర్లు మాత్రం వద్దు, పడితే నీళ్లు నిండుతాయి.

ఈతగాడు

సరే అక్కా, ఫోమ్ పాయింట్ బాగుంది. వేడర్ల విషయంలో నేనూ మీతోనే ఉన్నా. మిగతాది ఎవరిష్టం వాళ్లది.

పోటుపాటు

ఎవరిష్టం వాళ్లది అనడానికి కుదరదు. నలుగురు వెళ్లినప్పుడు ఒకడు పడితే ఇంకొకడు దూకుతాడు. అలా ఇద్దరవుతారు.

రాతిగట్టు

అందుకే ముందే మాట్లాడుకోవాలి. మా గ్రూపులో ఉన్న పద్ధతి చెబుతా. నలుగురం వెళ్తే ముగ్గురమే గాలం వేస్తాం. ఒకరు రాడ్ పక్కన పెట్టి వెనక ఎత్తులో కూర్చుని సముద్రాన్నే చూస్తారు. పెద్ద వరస కనిపిస్తే "అల" అని అరుస్తారు. అరుపు వినగానే చేప లైను మీద ఉన్నా సరే వెనక్కి, ప్రశ్నల్లేవు. అరగంటకొకసారి మనిషి మారతాడు. మొదట్లో అందరూ సణిగారు. ఇప్పుడు అది కాళ్లు చాపుకునే టైమ్ అని వాళ్లే అడిగి మరీ తీసుకుంటున్నారు.

ఎవరైనా పడితే:

పడ్డవాడు రాడ్ వదిలేయాలి. రాతి వైపు రావద్దు, నురగ దాటి సముద్రం వైపు పోవాలి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ దెబ్బలన్నీ నురగలోనే తగిలేది. బయటికి పోయాక వెల్లకిలా తేలుతూ ఊపిరి తీసుకోవాలి. పైనున్న వాళ్లెవరూ దూకకూడదు. ఒకడు తాడు గానీ తేలేది ఏదైనా గానీ విసరాలి, మూత గట్టిగా బిగించిన ఖాళీ క్యాన్ అయినా చాలు. ఒకడు ఎమర్జెన్సీకి ఫోన్ చేయాలి. ఇంకొకడు పడ్డవాడి మీద నుంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ నిలబడాలి. అలల్లో తల ఒక్కటే కనిపిస్తుంది, కన్ను తిప్పితే మళ్లీ దొరకదు. ఎక్కించడానికి రాయి ఏటవాలుగా ఉన్న చోటు ఏదో కూర్చుని చూసే ఆ అరగంటలోనే చూసి పెట్టుకోవాలి.

తాడు 20 మీటర్లది, తేలే రకం. దాన్ని బ్యాగు అడుగున పెట్టకండి, పైన ఉండాలి.

కొత్తగాలం

ఇది ప్రింట్ తీసి మా వాళ్లకు చూపిస్తా. ఈత రాని ఇద్దరూ ఇప్పటికే టెన్షన్ పడుతున్నారు. టైమ్ గురించి చెప్పండి ప్లీజ్. పోటులో వెళ్లాలా, పాటులోనా?

బెండుమాస్టారు

చేప కోసమైతే పోటు ఎక్కే చివరి రెండు గంటలు, దిగడం మొదలైన మొదటి గంట. దానికి తోడు తెల్లవారుజామో, సాయంత్రమో కలిసొస్తే ఇంకేం కావాలి. నీరు ఎక్కుతుంటే రాళ్ల సందుల్లోని పీతలు, రొయ్యలు కదులుతాయి, చేప వాటి కోసం దగ్గరికి వస్తుంది.

రాతిగట్టు

మాస్టారూ, చేప విషయంలో మీ మాటే రైటు. కానీ కొత్త చోటుకు, కొత్తవాళ్లు, అదీ ఈత రానివాళ్లతో వెళ్తున్నారు. పోటు పూర్తిగా ఎక్కిన సమయానికి చేరుకుని, అది ఎక్కడిదాకా వచ్చిందో కళ్లారా చూసి, దిగేటప్పుడు వేయమంటాను. నీళ్లు ప్రతి గంటా కిందికే పోతుంటాయి. నాలుగు చేపలు తక్కువ పడితే పడనీ.

బెండుమాస్టారు

కొత్త చోటు అన్నావు కాబట్టి ఒప్పుకుంటున్నా. చోటు అలవాటయ్యాక మాత్రం పోటే.

పోటుపాటు

తిథి లెక్క కావాలంటే: అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటుకీ పాటుకీ తేడా బాగా ఎక్కువ. అష్టమి దాటాక తక్కువ. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీళ్లు ఒకే వేగంతో ఎక్కవు. ఎక్కే మొత్తాన్ని పన్నెండు వంతులు చేస్తే, ఆరు గంటల్లో మొదటి గంటకు ఒక్క వంతే ఎక్కుతాయి, రెండో గంటకు రెండు వంతులు, మూడో గంటకూ నాలుగో గంటకూ మూడేసి వంతులు. అంటే మధ్యలోని రెండు గంటల్లోనే మొత్తం పోటులో సగం వచ్చేస్తుంది. రాతిగట్టు చెప్పిన వెనక పల్లం మూసుకుపోయేది సరిగ్గా అప్పుడే. "ఇప్పటిదాకా మెల్లగానే ఎక్కుతోందిగా" అనుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

జిగ్‌జిగ్

ఇక గాలం వేద్దామా, లేక క్లాసు ఇంకా ఉందా? 😄

కొత్తగాలం బ్రో, ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పలేదు. అల కొట్టాక నురగ ఒక చోట పరుచుకుంటుంది చూడు, మధ్యలో కాదు, ఆ తెలుపు ఆగిపోయి నీలం మొదలయ్యే అంచు. పెద్ద చేపలు నురగ కింద దాక్కుని, అంచులో దిక్కుతోచక తిరిగే చిన్న చేపల్ని పట్టుకుంటాయి. అలాగే రాతి మీదెక్కిన నీళ్లు ఎక్కడో ఒక సందులోంచి తిరిగి కిందికి దిగుతాయి. ఆ ధార కింద ఎప్పుడూ ఏదో ఒకటి కాచుకుని ఉంటుంది. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మెరుపు పోయి అడుగున నల్లగా రాళ్లు, లేతగా ఇసుక విడివిడిగా కనిపిస్తాయి. రాయీ ఇసుకా కలిసే చోటు పట్టుకో.

బెండుమాస్టారు

బాగా చెప్పావు తమ్ముడూ. దీనికి ఒకటి కలుపుతాను. పాత బ్రెడ్డూ, నలిపిన కవ్వళ్లూ కలిపి ముద్ద చేసి, పిడికెడు పిడికెడుగా ఆగకుండా వేస్తూ ఉండండి. ఒకేసారి బకెట్ కుమ్మరిస్తే చేప కడుపు నింపుకుని పోతుంది. నీళ్లు ఎటు లాగుతున్నాయో చూసి, ముద్దను దానికి ఎగువన వేయాలి, మునుగుతూ వచ్చి మీ బెండు కిందికి చేరాలి. నలుగురూ నాలుగు చోట్ల వేస్తే చేపలు చెల్లాచెదురవుతాయి. ఒకరే వేయాలి, అందరూ అదే వరసలో గాలం వేయాలి.

ఈతగాడు

అదే వరసలో నలుగురూ వేస్తే లైన్లు పెనవేసుకోవా మాస్టారూ? మా బ్యాచ్‌లో గొడవలన్నీ దానికే.

నీలికెరటం

మనిషికీ మనిషికీ ఐదారు మీటర్లు వదలండి. నీళ్లు లాగే వైపు చివర ఉన్నవాళ్లు ముందు విసరాలి, తర్వాత పక్కవాళ్లు. బెండు కొట్టుకుపోయి పక్కవాళ్ల ముందుకొస్తే లాగేసి మళ్లీ వేయాలి. ఒకరికి పెద్ద చేప తగిలితే మిగతా అందరూ లైన్లు తీసేయాలి. విసిరే ముందు ప్రతిసారీ వెనక్కి చూడటం, గట్టిగా చెప్పడం. పదడుగుల రాడ్ చివర 40 గ్రాముల లోహం వేగంగా తిరుగుతుంటే దాని దారిలో ఎవరి కన్నూ ఉండకూడదు. కళ్లద్దాలు చేపను చూడటానికే కాదు, దీనికీ పెట్టుకోవాలి.

పెద్ద చేపను పైకి తేవడం గురించి కూడా చెబుతాను, ఎందుకంటే మనుషులు పడేది ఎక్కువగా అప్పుడే. ఒకసారి నా ఫ్రెండ్‌కు మంచి పార చేప తగిలింది. చివరికి అలసిపోయి రాతి కింద పక్కకు ఒరిగి తేలుతోంది, వెండిలా మెరుస్తోంది. అది ఉన్నది మాకు నాలుగు మెట్లంత కింద. తను దిగి పట్టుకుంటానంది. నేను జాకెట్ పట్టీ పట్టుకుని ఆపాను. రాడ్ ఎత్తి లైను బిగువుగా ఉంచమన్నాను, లాగొద్దన్నాను. రెండు అలలు ఊరికే పోయాయి. మూడోది ఉబ్బినప్పుడు చేప దానితో పాటే పైకి లేచింది, తను రెండు చుట్లు తిప్పింది, నీళ్లు వెనక్కి దిగిపోయాయి, చేప మాత్రం మా కింది మెట్టు మీద పొడి రాతిపై మిగిలింది. తర్వాతి అల వచ్చేలోపు లీడర్ పట్టి పైకి జరిపాం. అలే ఎత్తి పెట్టింది, మేం చేసింది ఆగడం మాత్రమే. వెనక్కి దిగే నీటికి ఎదురు లాగితే లీడర్ ఎంత లావైనా తెగుతుంది.

పొడవు కాడ ఉన్న వల ఉంటే ఇంకా మంచిది.

కొత్తగాలం

అడుగున వేస్తే ఇరుక్కుంటుందని అందరూ అంటున్నారు. గ్రూపర్ చేపలు అడుగునే కదా ఉండేది? వాటికి ఎలా వేయాలి?

రాతిగట్టు

సీసాన్ని పోగొట్టుకోవడానికి సిద్ధపడి వేయాలి. మెయిన్ లైను 30 పౌండ్లయితే, సీసాన్ని 8, 10 పౌండ్ల పాత నైలాన్ ముక్కతో, ఒక జాన పొడవున వేరేగా కట్టు. గాలం కంటే కింద వేలాడాలి. రాళ్లలో ఇరుక్కునేది దాదాపు ఎప్పుడూ సీసమే. గట్టిగా లాగితే ఆ సన్న ముక్క తెగి సీసం ఒక్కటే పోతుంది, చేపా గాలం చేతికొస్తాయి. పాడైపోయిన స్పార్క్ ప్లగ్‌లు, నట్లు సీసం బదులు వాడేవాళ్లూ ఉన్నారు.

గ్రూపర్ తాకగానే మొదటి రెండు మూడు సెకన్లలో తేలిపోవాలి. సందులోకి దూరి మొప్పలు విప్పి బిగదీసుకుందంటే లాగి లాభం లేదు. అప్పుడు లైను పూర్తిగా వదులు చేసి రెండు నిమిషాలు ఆగు. ఒక్కోసారి అదే బయటికొస్తుంది.

ఏదైనా ఇరుక్కుంటే రాడ్‌ను విల్లులా వంచి లాగకు, రాడ్ విరుగుతుంది. రాడ్‌ను లైనుకు తిన్నగా పెట్టి, బ్రెయిడ్‌ను గుడ్డ చుట్టిన కర్రకు చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని వెనక్కి నడువు. వట్టి చేతికి బ్రెయిడ్ చుట్టావంటే ఎముక దాకా కోస్తుంది. సీసం ఊడి బుల్లెట్‌లా వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

ఉప్పుగాలి

నేను నర్సుని, వారాంతాల్లో గాలం వేస్తాను. చేపల గురించి అందరూ చెప్పారు, చేపల ముళ్ల గురించి నేను చెబుతా.

జెల్ల, రాబిట్ ఫిష్, స్టోన్ ఫిష్, టేకు చేప (స్టింగ్‌రే), వీటి ముళ్లలో విషం ఉంటుంది. జెల్లకైతే వీపు మీదొకటి, పక్క రెక్కలకు రెండు. గుచ్చుకుంటే నొప్పి మామూలుగా ఉండదు. దానికి మంచి పని వేడినీళ్లు. చెయ్యి భరించగలిగినంత వేడి, 45 డిగ్రీల దగ్గర, అంతకు మించకూడదు. 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచాలి. దెబ్బ తగిలిన చేతికి వేడి సరిగా తెలియదు, కాలిపోతుంది, అందుకని ముందు రెండో చేతితో చూసుకోవాలి. ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్లేది అందుకే. నొప్పి తగ్గినా హాస్పిటల్‌కు వెళ్లాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు, టెటనస్ ఇంజెక్షన్ కూడా చూసుకోవాలి.

గాలం కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ముందే ప్లయర్‌తో నొక్కి చదును చేసుకోండి. చేపలు కొన్ని తప్పించుకుంటాయి, నిజమే. కానీ వేలికి దిగితే సులువుగా బయటికొస్తుంది. కంటి దగ్గర దిగితే మాత్రం ముట్టుకోవద్దు, అలాగే ఉంచి తీసుకెళ్లాలి.

పట్టగానే పొట్ట బంతిలా ఉబ్బే చేప వస్తే వదిలేయండి. దానిలోని టెట్రోడోటాక్సిన్ ఎంత ఉడికించినా పోదు.

జిగ్‌జిగ్

ఉరుములు కూడా చెప్పండి అక్కా. కార్బన్ రాడ్ కరెంటును బాగా పట్టుకుంటుంది. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టేసి దిగిపోవడమే. దారిలో కరెంటు తీగలు ఉన్నా రాడ్ నిలబెట్టి నడవొద్దు.

కొత్తగాలం

వెళ్లొచ్చాం. అందరికీ థాంక్స్.

ముందు అనుకున్న చోట కూర్చుని చూశాం. ఎత్తు ముప్పావు మీటరే చూపించింది గానీ పీరియడ్ 13 సెకన్లు. ఇరవై నిమిషాలు ఏమీ లేదు, మా వాళ్లు నన్ను తిట్టడం మొదలుపెట్టారు. తర్వాత ఒక వరస వచ్చి మేం సంచులు పెడదామనుకున్న రాతి మీద నుంచి నీళ్లు కాలువలా దిగాయి. ఇక ఎవరూ మాట్లాడలేదు. అక్కడి నుంచి నడిచి, రాతి కొమ్ము చాటున అలలు నేరుగా తగలని వైపుకు వెళ్లాం. గుంటల్లో ఉప్పు తెల్లగా ఉంది.

జారే బెండు, రొయ్య ముక్క. మూడు మీటర్ల లోతు పెట్టాక తాకడం మొదలైంది. చిన్న పారలు, గీతల గీతల చేపలు, ఒక ఉబ్బుడు చేప (వదిలేశాం). బాగా చిన్నవాటిని నీళ్లలోనే గాలం తీసి వదిలాం. పెద్దది ఒకటి తాకి, బెండును లోపలికి లాక్కుపోయి, లైను గరగరా రాతికి రాసుకున్న శబ్దం చేతికి తెలిసింది, తెగిపోయింది. మా ఈత రాని ఫ్రెండ్ కాపలా డ్యూటీ దిగనే దిగలేదు, "అల" అని అరవడం వాడికి తెగ నచ్చింది. సగం సార్లు అసలు అలే లేదు.

రెండు డౌట్లు. పెద్దది తెగింది లీడర్ దగ్గర కాదు, లీడర్, బ్రెయిడ్ కలిసే ముడి దగ్గర. ఇంకోటి, ఒక రీలు ఇంటికొచ్చాక గరగరమంటోంది.

బెండుమాస్టారు

ఉత్తుత్తి "అల"లు అరిస్తే అసలుది వచ్చినప్పుడు ఎవరూ కదలరు. ఆ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

జిగ్‌జిగ్

ముడి ఏది వేశావు? ఎఫ్‌జీ ముడి అన్నిటికన్నా సన్నగా, గట్టిగా ఉంటుంది, రింగుల్లోంచి తగలకుండా పోతుంది. కానీ రాతి మీద గాలిలో నిలబడి వేయడం నీకిప్పుడే రాదు, ఇంట్లో వేసుకుని వెళ్లు. అక్కడ తెగితే డబుల్ యూనీ ముడి వేయి, పనైపోతుంది. ఏ ముడైనా బిగించే ముందు తడపాలి, లేకపోతే రాపిడి వేడికే నైలాన్ పాడవుతుంది. డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు రీలు లైను వదిలే బిగింపు, ఎంత పెట్టావు? లైను బలంలో మూడో వంతుకు మించకు. మొత్తం బిగించేస్తే మొదటి గుంజుకే ముడి పోతుంది.

కొత్తగాలం

మొత్తం బిగించాడు మావాడు. రాళ్లలోకి పోనివ్వకూడదని.

రాతిగట్టు

రీలు సంగతి: లోపలికి ఉప్పునీరు పోయి ఉంటుంది. పైపుతో గట్టిగా కొట్టకు, ఉప్పును ఇంకా లోపలికి తోస్తుంది. డ్రాగ్ బిగించి, సన్నటి మంచినీటి ధార కింద హ్యాండిల్ తిప్పుతూ కడుగు, తుడిచి, డ్రాగ్ వదులు చేసి నీడలో ఆరబెట్టు. లైన్ రోలర్ మీద, హ్యాండిల్ మొదట్లో ఒక్కో చుక్క రీలు ఆయిల్. అప్పటికీ గరగర పోకపోతే బేరింగ్ పోయినట్టే, విప్పించాలి. రాడ్ రింగుల్లోకి దూది తిప్పి చూడు, దూది పోగు ఎక్కడైనా పట్టుకుంటే ఆ రింగు పగిలింది. బ్రెయిడ్ తెగేది అక్కడ కూడా కావచ్చు.

నీలికెరటం

ఆ తెగిన లైను ముక్కలు రాళ్ల మీద వదిలేయలేదు కదా? పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి.

కొత్తగాలం

లేదక్కా, మావే కాదు, అక్కడ పాతవి కూడా ఒక సంచిలో ఏరుకొచ్చాం. వాటిలో మూడు మంచి జిగ్గులు దొరికాయి, కొక్కేలు తుప్పు పట్టాయి గానీ బాడీ బాగానే ఉంది.

జిగ్‌జిగ్

40 గ్రాములవా? ఒకటి నీలి వెండి రంగుదా? బ్రో, అది నాది అయ్యుండొచ్చు 😄 కొక్కేలు మార్చి వాడుకో, ఈసారి తెల్లవారుజామున.